సోలార్ కోసం పెంకు దించొద్దు

ఈసారి జీవామృతం సంగతి కాదు, కషాయాల సంగతీ కాదు. ఇంటి కప్పు సంగతి. మన అల్లూరు చుట్టుపక్కల సోలార్ పెట్టించుకోవాలని మనసు పడ్డవాళ్ళు కొందరు ముందు పెంకు దించి రేకులు వేయిస్తున్నారు. ఎందుకన్నా అని అడిగితే, "పెంకుటింటికి సోలార్ కుదరదంట గదా, రేకులైతేనే బిగిస్తారంట" అంటున్నారు. ఇంకొందరైతే ఈ వంకతో పాత ఇల్లే పడగొట్టి స్లాబ్ వేద్దామని అప్పు కోసం తిరుగుతున్నారు.

నా మాట ముందే చెప్పేస్తా. సోలార్ మంచిదే, పెట్టించుకోండి. దాని కోసం పెంకు మాత్రం దించొద్దు. చాలా పెంకుటిళ్ళ మీద ప్యానెల్ పెట్టొచ్చు. కొన్నింటి మీద పెట్టకూడదు, అట్టాంటి ఇళ్ళకు పెరట్లో పెట్టుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది చేసినా రేకుల ఇంటి కంటే మేలు.

ఎందుకు మేలంటే, మనం పొలంలో నేలను ఎండకు వదలొద్దు, ఆచ్ఛాదన చెయ్యండి అని చెప్పుకుంటాం గదా. ఇంటికి పెంకు అట్టాంటిదే. కాల్చిన మట్టి నిదానంగా వేడెక్కుతుంది. పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. తడిసిన పెంకు ఆరేటప్పుడు ఇంటిని చల్లబరుస్తుంది. రేకు అట్ట కాదు. పొద్దున తొమ్మిదికే వేడెక్కి ఆ సెగను నేరుగా నెత్తిన దించుతుంది. మే నెలలో నెల్లూరు ఎండ ఎట్టుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రేకుల ఇంట్లో మొదటి ఎండాకాలానికి కూలర్ వస్తుంది, రెండో ఎండాకాలానికి ఏసీ వస్తుంది. పైన సోలార్ ఇచ్చిన యూనిట్లు కింద ఏసీ తినేస్తే, మనకు మిగిలేది బ్యాంకు వాయిదా.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకు ఇంకో నష్టం కూడా ఉంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మన ఇళ్ళలో అటక మీద విత్తనం ఉంటుంది. దేశీ వరి, కంది, పెసర, మినుము, వానలకు ముందు చల్లుకునే నవధాన్యాలు, కూరగాయ విత్తనాలు, అన్నీ కుండల్లోనో గోతాల్లోనో అక్కడే. విత్తన శాస్త్రంలో హ్యారింగ్టన్ సూత్రం అని ఒకటుంది. నిల్వ చేసిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు పెరిగితే విత్తనం బతికే కాలం సగానికి పడిపోతుంది. గింజలో తేమ ఒక్క శాతం పెరిగినా అంతే. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో తేమ ఎటూ ఎక్కువే, దాన్ని మనం ఆపలేం. దానికి రేకు వేడిని మనమే తెచ్చి కలిపితే ఏమవుతుంది? ఏటా అంగట్లో ప్యాకెట్ కొనుక్కునే రైతుకు అటక ఎంత వేడెక్కినా ఫరవాలేదు. మొలకొలుకులు లాంటి పాత రకాన్ని చేతిలో పట్టుకుని కాపాడుకుంటున్న రైతుకు మాత్రం ఆ అటకే విత్తన బ్యాంకు.

ఇక సబ్సిడీ సంగతి. ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ళ లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల కేటాయింపు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000, అంతా కలిపి 78,000 దాటదు. ఈ అంకెలు యాడ నుంచి వచ్చాయంటే, మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటు 50,000, ఆపైన 45,000 అని ఒక ప్రామాణిక ధర పెట్టుకున్నారు. మొదటి దాంట్లో 60 శాతం, రెండో దాంట్లో 40 శాతం ఇస్తున్నారు.

ఆ లెక్కలో మీ ఇంటి కప్పు ఏంది అన్న ప్రశ్నే లేదు. స్లాబ్‌కైనా పెంకుకైనా అదే సబ్సిడీ. స్లాబ్ మీద నాలుగు సిమెంటు దిమ్మెలు పోసి కాళ్ళు నిలబెడితే పని తొందరగా అయిపోతుంది. పెంకుటింటికైతే హుక్కులు కావాలి, వడ్రంగి కావాలి, పెంకు లేపి మళ్ళీ సర్దే మనిషి కావాలి. ఆ ఖర్చుకు సబ్సిడీలో విడిగా ఏమీ రాదు. అందుకే బిగించేవాళ్ళు కుదరదు అంటారు. ఆ మాటకు "మాకు గిట్టదు" అని అర్థం చెప్పుకోవాలి. వాళ్ళను నేను తిట్టను, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. వాళ్ళకు గిట్టని పనిని అసలు సాధ్యం కాని పని అనుకుని మనం ఇల్లు మార్చుకోవడమే నాకు నచ్చని విషయం.

సాధ్యం కాదనేవాళ్ళకు ఒక చిన్న చరిత్ర చెప్తా. మనోళ్ళు బెంగుళూరు పెంకు అని పిలిచే ఈ చదును పెంకు అసలు పుట్టింది మంగళూరులో. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన గియోర్గ్ ప్లెబ్స్ట్ అనే జర్మన్ ఆయన అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చునే ఆ పద్ధతి యూరప్ నుంచి వచ్చింది. అదే జర్మనీలో 1999లో లక్ష ఇళ్ళ కప్పుల మీద సోలార్ పెట్టించే పథకం మొదలుపెట్టారు. అక్కడ ఇళ్ళలో ఎక్కువ భాగం పెంకుటిళ్ళే. ఎవరూ పెంకు దించలేదు. పెంకు కింద వాసానికి ఒక ఇనుప హుక్కు బిగించి, దాన్ని పెంకు సందులోంచి బయటికి తెచ్చి, దాని మీద పట్టీలు వేసి ప్యానెల్ కూర్చోబెట్టారు. ఇప్పుడు ఇటలీలో, స్పెయిన్‌లో కూడా పెంకు కప్పులకు ఇదే పద్ధతి. పెంకును మన దాకా తెచ్చినవాళ్ళ దేశంలో పాతికేళ్ళుగా జరుగుతున్న పని మన ఊళ్ళో కుదరదంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోవాల్సిన తేడాలు కొన్ని ఉన్నాయి. అసలు జాగ్రత్తంతా వాటిలోనే ఉంది.

మొదట అందరూ అడిగేది, "ఇంత బరువు పెంకు మోస్తదా?" అని. మోయాల్సింది పెంకు కాదు, వాసం. పోనీ బరువే చూద్దాం. మంగళూరు పెంకు ఒక్కోటి రెండున్నర నుంచి మూడు కిలోలు. చదరపు మీటరుకు 15 దాకా పడతాయి. అంటే ఇప్పటికే మీ వాసాలు చదరపు మీటరుకు 40 కిలోల పైన మోస్తున్నాయి, వానకు నానితే ఇంకా ఎక్కువ. 540 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 28 కిలోలు. ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, అంటే దాదాపు 2.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 11 కిలోలు. పట్టీలు, హుక్కులు కలిపినా 15కు అటూ ఇటూ. గట్టిగా ఉన్న వాసానికి ఇది పెద్ద బరువేం కాదు.

మన తీరంలో భయపడాల్సింది ప్యానెల్ కిందికి నొక్కే బరువుకు కాదు, గాలి దాన్ని పైకి లాగే బలానికి. గాలి వేగం ఎంత లెక్కేసి కట్టాలో చెప్పే మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగం. అందులో నెల్లూరుకు ఇచ్చిన వేగం సెకనుకు 50 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్లు అన్నమాట. అదే కోడ్‌లో ఉన్న సూత్రం ప్రకారం 50ని 50తో గుణించి 0.6తో గుణిస్తే 1500 న్యూటన్లు. మన భాషలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలం. ఇంటి ఎత్తును బట్టి, చుట్టూ చెట్లు ఉన్నాయా లేదా అనేదాన్ని బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. మోటు లెక్కకు అదే అనుకుంటే ఒక్క ప్యానెల్ మీద 390 కిలోలు. 28 కిలోల వస్తువును అంత బలంతో గాలి లాగుతుంది. నాలుగు ప్యానెళ్ళకు టన్నున్నర.

ఇది కాగితం లెక్క అని కొట్టిపారేసే హక్కు మన జిల్లాలో ఎవరికీ లేదు. 1989 నవంబర్‌లో వచ్చిన తుఫాను పెద్దవాళ్ళందరికీ గుర్తే. గే అనే ఆ తుఫాను థాయ్‌లాండ్ వైపు పుట్టి, అక్కడి సన్నటి భూభాగం దాటి, బంగాళాఖాతం మొత్తం ఈదుకుంటూ వచ్చి కావలి దగ్గర ఒడ్డెక్కింది. కావలి మనకు ఎంత దూరం? పాతిక ముప్పై కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, దాటేముందు మన తీరం పక్కగానే పోయింది. ఇరవై ఐదేళ్ళు ఉండాల్సిన ప్యానెల్ అట్టాంటివి ఒకటో రెండో చూడకుండా పోదు.

పెంకు కప్పుకు గాలి దగ్గర ఒక గుణం ఉంది. సందులుంటాయి కాబట్టి లోపలి గాలి, బయటి గాలి కొంత సర్దుకుంటాయి. మరీ ఎక్కువైతే పది పెంకులు లేచిపోతాయి, మళ్ళీ వేసుకుంటాం. ప్యానెల్ అట్ట కాదు, సందు లేని పలక. సరిగ్గా బిగించకపోతే అది పక్కింటి మీద పడుతుంది. అల్యూమినియం అంచు, గాజు, 28 కిలోలు. పక్కింట్లో పిల్లలుంటారు. అందుకే "నాలుగు స్క్రూలు ఎక్కువ కొట్టాంలే అన్నా" అనే మాటకు నేను ఒప్పుకోను. ఎక్కడ కొట్టారన్నదే ప్రశ్న.

వీడియోలో పెంకు లేపి చూపించాం, ఒకసారి జాగ్రత్తగా చూడండి. పెంకు కింద అడ్డంగా కనిపించే సన్నటి చెక్కలు రీపర్లు. వాటి కింద కొప్పు నుంచి చూరు దాకా దిగేవి వాసాలు. వాసాలను మోసేవి దూలాలు. హుక్కు బిగించాల్సింది వాసానికి. రీపరుకు కాదు. రీపరు పెంకును మోయడానికే వేసింది, రెండు మేకుల మీద ఉంటుంది. దానికి హుక్కు తగిలిస్తే మొదటి గాలివానకే మేకులతో సహా లేచొస్తుంది. పని తొందరగా అవుతుందని రీపరుకు కొట్టేవాళ్ళుంటారు. నిచ్చెన దగ్గర నిలబడి మీరే చూసుకోండి.

హుక్కు బయటికి వచ్చే చోట పై పెంకు కింది అంచును గ్రైండర్‌తో కొంచెం అరగదీస్తారు, హుక్కు దూరేంత. పెంకుకు బెజ్జం మాత్రం పెట్టనివ్వొద్దు. బెజ్జం పెట్టి రబ్బరు వాషరు, సిలికాన్ పూస్తామంటారు. మన ఎండకు సిలికాన్ ఎండి పగిలిపోతుంది, ఆ బెజ్జం కింద వాసం నాని కుళ్ళిపోతుంది. ఇంకోటి, హుక్కు కింది పెంకు మీద ఆనకూడదు. వేలు గోరు పట్టేంత సందు ఉండాలి. ఆనితే, గాలికి ప్యానెల్ కదిలినప్పుడల్లా పెంకు మీద దెబ్బ పడి చివరికి పగులుతుంది. పగిలేది ప్యానెల్ కింద కాబట్టి కారేదాకా మీకు తెలవదు.

ప్యానెల్‌ను కప్పు వాలుకు సమానంగా, నాలుగైదు అంగుళాల ఎత్తులో పరచాలి. స్లాబ్ మీద పెట్టినట్టు కాళ్ళు పెట్టి పైకి లేపకూడదు. కప్పుకు ఎటూ వాలు ఉంది గదా, మళ్ళీ లేపడమెందుకు? లేపితే గాలికి తెరచాపే. కొప్పు దగ్గర, చూరు అంచుల్లో, మూలల్లో గాలి లాగుడు ఎక్కువ. అక్కడ రెండడుగులు వదిలేయండి. కింద ఆ నాలుగైదు అంగుళాల సందు కూడా అవసరమే. ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది, 25 డిగ్రీల పైన డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం. సందులో గాలి ఆడితే ప్యానెల్ చల్లగా ఉంటుంది, దాని నీడన పెంకూ చల్లగా ఉంటుంది. అమెరికాలో శాన్ డియాగో యూనివర్సిటీ వాళ్ళు 2011లో కొలిచి చెప్పారు, ప్యానెళ్ళ కింద ఉన్న గది పైకప్పు లోపలివైపు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లగా ఉందని. అంటే దాదాపు 3 డిగ్రీల సెల్సియస్. అది వాళ్ళ బిల్డింగు మీద కొలిచిన అంకె, మన ఇంట్లో అంతే వస్తుందని నేననను. పెంకు మీద నీడ పడితే అటక వేడెక్కదు అనేది మాత్రం ఎవరికైనా అర్థమయ్యేదే.

వాసాల దగ్గర మనకూ జర్మనీకీ తేడా వస్తుంది. అక్కడ కోసిన చెక్క, ఒకే కొలత. మన పాత ఇళ్ళలో టేకు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఎక్కువ ఇళ్ళలో తాటి వాసాలే. తాటిచెక్కకు బయటి పొర ఇనుములాగా ఉంటుంది, లోపల మెత్తని పీచు. దానికి స్క్రూ కొడితే బయట పగులుతుంది, లోపల పట్టదు. తాటి వాసానికి స్క్రూ హుక్కు వద్దే వద్దు. వాసాన్ని చుట్టి పట్టుకునే యూ బోల్టు, కింద ఒక ఇనుప పట్టీ వేసి బిగించాలి. గాలి లాగినప్పుడు బలం వాసం మొత్తం మీద పడుతుంది. ఈ పని సోలార్ కుర్రాళ్ళకు తెలవదు. మన వడ్రంగి ఆచారికి చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నాకు తెలిసిన ఒక పెద్ద ఆచారి ఒక మాట అన్నాడు: "అబ్బయ్యా, వాసాన్ని పొడిచేది కాదు, వాటేసుకునేది పెట్టమను." ఇంతకంటే బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు.

సోలార్ వాళ్ళను పిలిచేముందు ఆ ఆచారినే పిలవండి. ప్రతి వాసాన్నీ సుత్తితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే లోపల చెద. గోడ మీద ఆనేచోట, చూరు దగ్గర సన్నటి ఉలితో పొడిచి చూడాలి, మెత్తగా దిగితే ఆ వాసం మార్చాల్సిందే. వాసం గోడకు ఎట్ట కట్టి ఉందో కూడా చూడండి. ప్యానెల్ హుక్కుకు, హుక్కు వాసానికి గట్టిగా ఉండి, వాసం గోడ మీద ఊరికే ఆని ఉంటే గాలికి మొత్తం కప్పే లేస్తుంది. వాసానికీ దూలానికీ, దూలానికీ గోడకూ ఇనుప పట్టీలు వేయించండి. ఇది సోలార్ లేకపోయినా చేయించుకోవాల్సిన పనే.

గూన పెంకు ఇళ్ళ సంగతి వేరు. నాటు పెంకు అంటాం గదా, సగం గొట్టంలాగా ఉండేది, కుమ్మరోళ్ళు చేసింది. దాని మీద ప్యానెల్ వద్దు అనేది నా కచ్చితమైన అభిప్రాయం. అది ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే పెంకు కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఉడతలు తిరిగినా, పిల్లి పరిగెత్తినా జరుగుతుంది. కోతుల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఏటా వానలకు ముందు సర్దించుకోవాల్సిందే. పైన ప్యానెల్ పరిస్తే కింద పెంకు సర్దేదెట్ట? మూడేళ్ళలో గోడలు తడిసి, అప్పుడు "సోలార్ వల్ల ఇల్లు పాడైంది" అంటారు.

అట్టాంటి ఇళ్ళకు, చెద పట్టిన వాసాల ఇళ్ళకు, కప్పు మొత్తం ఉత్తరం వాలు ఉన్న ఇళ్ళకు పెరడే మంచిది. సూర్యఘర్ నిబంధనల్లో మేడ, కప్పులతో పాటు ఎత్తైన స్ట్రక్చర్ మీద పెట్టిన సోలార్‌కు కూడా సబ్సిడీ ఉంది. ఈ ముక్క చాలామందికి తెలవదు, చెప్పేవాళ్ళూ తక్కువ. 2 కిలోవాట్లకు నాలుగు ప్యానెళ్ళు, నూట పది చదరపు అడుగులు. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో నాలుగు స్తంభాల మీద వేస్తే కింద నీడలో నారు పెంచుకోవచ్చు, జీవామృతం డ్రమ్ములు పెట్టుకోవచ్చు, ఘనజీవామృతం ఆరబెట్టుకోవచ్చు. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు, మన అక్షాంశం దాదాపు అంతే. మనది ఇసుక నేల కాబట్టి పునాది దగ్గర పిసినారితనం వద్దు. రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంటలో కాంక్రీటు నింపితే ఒక్కో దిమ్మె సుమారు 800 కిలోలు తూగుతుంది. నాలుగు కలిపి మూడు టన్నుల పైన. ఇందాక చెప్పిన టన్నున్నర లాగుడుకు రెట్టింపు. అయినా స్తంభాలు పెరిగేకొద్దీ ఒరిగే బలం పెరుగుతుంది, కట్టేముందు ఇంజనీరుతో ఒకసారి చూపించుకోండి. పని మొదలుపెట్టకముందే మీ సెక్షన్ ఏఈని కలిసి ఈ పద్ధతిలో పెడుతున్నామని చెప్పండి.

గొడ్ల చావిడి మీద పెట్టొచ్చా అని అడుగుతున్నారు. చావిడి గట్టిదైతే పెట్టొచ్చు, కానీ మూత్రం నుంచి లేచే అమ్మోనియా అల్యూమినియాన్నీ వైర్ల జాయింట్లనూ తింటుంది. ప్యానెల్ కొనేటప్పుడు ఐఈసీ 62716 సర్టిఫికెట్ అడగండి, అది అమ్మోనియా పరీక్ష. ఇన్వర్టర్ మాత్రం చావిడిలో వద్దు. గడ్డివాము దగ్గర అసలే వద్దు.

ఉప్పు గురించి మన వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది. ఇస్కపల్లి ఉప్పు కొటార్లు మన పక్కనే, సైకిల్ చైన్ ఎంత కాలం ఉంటుందో అందరికీ తెలుసు. ప్యానెల్‌కు ఐఈసీ 61701 అనే ఉప్పుగాలి పరీక్ష ఉంటుంది, ఆ కాగితం చూపించమనండి. హుక్కులు, పట్టీలు తయారైన తర్వాత కరిగిన జింకులో ముంచి తీసినవి కావాలి, పూత 80 మైక్రాన్లకు తగ్గొద్దు. మామూలు జీఐ రేకును కోసి వంచి చేసినవి కోసిన చోటే తుప్పు మొదలవుతాయి. బోల్టులు స్టెయిన్‌లెస్‌లోనూ 316 రకం అడగండి, 304కు మన గాలికి మరకలు వస్తాయి. ఖర్చు కొంచెం ఎక్కువే. ఇంత గాలిని ఆపేది ఆ బోల్టే కాబట్టి అక్కడ బేరం ఆడొద్దు.

ప్యానెల్ నుంచి వచ్చే డీసీ కరెంటు మన ఇంటి కరెంటు లాంటిది కాదు. జాయింటు వదులై నిప్పురవ్వ మొదలైతే దానంతటది ఆరదు. కింద ఎండిన వాసాలు, అటక మీద గోతాలు. వైరు గొట్టంలోంచే రావాలి, వాసానికి ఊరికే కట్టొద్దు, ఎలుకలు కొరకని చోటునుంచి దించాలి. ఎర్తింగ్ వేరుగా వేయించండి.

బిల్లు లెక్క తొందరగా చెప్పేస్తా. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. 200 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఛార్జీ ఒక్కటే 867, మిగతా ఛార్జీలు అదనం. ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, కాబట్టి మామూలు రైతు ఇంటికి 2 కిలోవాట్లు చాలు. కొప్పు ఉత్తర దక్షిణాలుగా ఉండి వాలు తూర్పు, పడమర అయితే పదో వంతు అటూ ఇటూ తగ్గుతుంది, పెద్ద నష్టం కాదు. 2 కిలోవాట్ల ఇంటికి 3 కిలోవాట్లు అంటగట్టి, అంత చోటు లేదని రేకులు వేయించమనేవాళ్ళుంటారు. ఆ మూడో కిలోవాటుకు వచ్చే సబ్సిడీ 18,000. రేకులకయ్యే ఖర్చు మీరే అడిగి చూడండి.

కరెంటు పోతే సోలార్ వస్తుందనుకునేవాళ్ళకు ఒక మాట. బ్యాటరీ లేని మామూలు సిస్టమ్, లైన్‌లో కరెంటు లేకపోతే తనంతట తనే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళ ప్రాణాల కోసం పెట్టిన ఏర్పాటు అది. తుఫానుకు నాలుగు రోజులు కరెంటు పోతే ఎండ కాసినా మీ ఫ్యాను తిరగదు. తిరగాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, అది వేరే ఖర్చు.

నేను ప్రభుత్వాన్ని అడిగేది ఒకటుంది. నెడ్‌క్యాప్, ఎస్పీడీసీఎల్ కలిసి తీరప్రాంత మండలాలకు ఒక డ్రాయింగ్ ఇవ్వాలి. మంగళూరు పెంకు, తాటి వాసం, 50 మీటర్ల గాలి, ఉప్పు, ఈ నాలుగూ లెక్కలో పెట్టి హుక్కు ఎంత మందం, ఎన్ని, ఎంత దూరానికి ఒకటి అని. దాంతో పాటు ఆ హుక్కుల ఖర్చును కూడా ప్రామాణిక ధరలో కలపాలి. సూర్యఘర్‌లోనే జిల్లాకు ఒక మోడల్ సోలార్ గ్రామానికి కోటి రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ డబ్బులో కొంత పెట్టి పది పెంకుటిళ్ళ మీద సరైన పద్ధతిలో చేసి చూపించండి. ఊళ్ళో వడ్రంగులకు రెండు రోజుల శిక్షణ ఇవ్వండి. పెంకు సర్దే పని చేతనైనవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు, ఈ పని దొరికితే వాళ్ళ పిల్లలు నేర్చుకుంటారు. స్లాబ్ ఇల్లు ఉన్నవాడికే కుదిరే పథకం అయితే పెంకుటింట్లో ఉండేవాళ్ళు దానికి దూరమే. ఆ ఇళ్ళలో ఉండేది ఎవరో అధికారులకు తెలియంది కాదు.

అప్పటిదాకా మన జాగ్రత్త మనదే. మనకు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, గాలులూ అప్పుడే. ఆ మూడు నెలల్లో కప్పు విప్పొద్దు. సంక్రాంతి దాటాక ఆచారిని పిలిచి వాసాలు చూపించుకుని, పాడైనవి మార్చుకుని, పెంకు ఒకసారి మొత్తం సర్దించుకుని, ఎండలు ముదరకముందే ప్యానెల్ బిగించుకోండి. ఒక యాభై పెంకులు అదనంగా తెచ్చి గోడ వార పెట్టుకోండి, అదే అచ్చు పెంకు తర్వాత దొరకదు. కప్పు ఎక్కే కుర్రాళ్ళను పెంకు మధ్యలో కాలు పెట్టనివ్వొద్దు, పలక వేసి దాని మీద నడవమనండి. డబ్బు కట్టేముందు కొటేషన్ కాగితం మీద రెండు మాటలు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. హుక్కు వాసానికే బిగిస్తాం, పెంకుకు బెజ్జం పెట్టం అని.